సవరణ: పడవ త్వరగా నీటిపైకి లేవాలంటే మోటారు ఎటు వాలాలి?

జువ్వలదిన్నె, కొత్తపట్నం వైపు చిన్న ఫైబర్ పడవలు నడిపేవారి కోసం మొన్న రాసినప్పుడు, తక్కువ వేగంలోనే పడవ నీటిపైకి లేచి జారాలంటే మోటారు కాలును (నీటిలో మునిగి, ప్రొపెల్లర్ ఉండే కింది భాగాన్ని) బయటికి, అంటే పడవకు దూరంగా ఎత్తి పెట్టాలన్నాను. అది తప్పు. బయలుదేరేటప్పుడు కాలును పడవ వెనుక చెక్కకు దగ్గరగా, లోపలికి వాల్చాలి. మోటారు తయారీదారులు ఇచ్చే వాడుక పుస్తకాలు చెప్పేది ఇదే.

కాలు లోపలికి ఉంటే ప్రొపెల్లర్ తోపు వెనుక భాగాన్ని పైకెత్తి ముక్కును కిందికి దించుతుంది. బయటికి ఉంటే ముక్కు ఆకాశం చూస్తుంది, వెనుక భాగం నీటిలో కూరుకుంటుంది. పెట్రోలు మండుతుందే తప్ప పడవ లేవదు. లేచాక మాత్రం కాలును కొద్దికొద్దిగా బయటికి తీయాలి. లోపలే ఉంచి వేగం పెంచితే ముక్కు నీటిని పట్టి పడవ ఒక్కసారిగా పక్కకు తిరగవచ్చు. అలలు విరిగే ఏటి మొగ దగ్గర ఇది ప్రాణాల మీదికి తెస్తుంది, దయచేసి తేలిగ్గా తీసుకోకండి.

ఐసు పెట్టె, పెట్రోలు డబ్బా పడవ ముందు వైపుకు జరపమని మొన్న చెప్పిన మాటలో మార్పు లేదు. పిచ్ (ప్రొపెల్లర్ ఒక చుట్టు తిరిగితే ముందుకు సాగాల్సిన దూరం, అంగుళాల్లో) తక్కువున్న ప్రొపెల్లర్ కూడా మేలే. అయితే పిచ్ అంగుళం తగ్గితే ఇంజను నిమిషానికి సుమారు 150 నుంచి 200 చుట్లు ఎక్కువ తిరుగుతుంది కాబట్టి, దాని గరిష్ఠ పరిమితి దాటకుండా చూసుకోవాలి.