కుక్కపిల్ల బొమ్మ సరే, దొమ్మ రోగానికి డబ్బెవరిస్తారు?

పశువైద్యులే కుంచె పట్టి బొమ్మలు గీసి, వాటిని అమ్మిన డబ్బు పశువ్యాధుల పరిశోధనకు ఇవ్వడమన్న ఆలోచన వినడానికి ముచ్చటగా ఉంటుంది. అలాంటి ప్రదర్శన విశాఖలో పెడితే జనం రారన్న బెంగ అక్కర్లేదు. సాయంత్రం బీచ్ రోడ్డులో కుక్కల్ని తిప్పేవాళ్లను చూస్తే చాలు. తమ లాబ్రడార్‌కు సూదేసే డాక్టరుగారు గీశారంటే మొహమాటానికైనా ఒకటి కొంటారు. నా అనుమానమల్లా ఆ డబ్బు ఎటు పోతుందన్నదే.

40 బొమ్మలు ఒక్కోటీ 8,000కు పోయాయనుకుందాం. మొత్తం 3,20,000. ఫ్రేములు, హాలు అద్దె, లైట్లు, ప్రారంభోత్సవం రోజు టీ, శాలువాలు (అవి లేకుండా మనకు సభ జరగదు కదా) పోను సగం మిగిలితే గొప్ప. టీకా పరిశోధనకు అది సముద్రంలో కాకిరెట్ట. గాలికుంటు, పశువులకు గర్భస్రావాలు తెచ్చే బ్రుసెల్లోసిస్‌ల అదుపు కోసం 2019లో కేంద్రం మొదలుపెట్టిన ఐదేళ్ల కార్యక్రమానికే 13,343 కోట్ల రూపాయలు కేటాయించారు. పశువుల ఒంటినిండా గడ్డలు లేపే లంపీ స్కిన్ వ్యాధి మన దేశంలో బయటపడిందీ ఆ ఏడాదే, పక్కనున్న ఒడిశాలో. హిస్సార్, ఇజ్జత్‌నగర్‌లలోని పెద్ద పశువ్యాధుల పరిశోధన సంస్థలు కలిసి పనిచేసినా, దానికి స్వదేశీ టీకా ప్రకటన వచ్చేసరికి 2022 ఆగస్టు అయింది. అప్పటికే రాజస్థాన్, గుజరాత్‌లలో పశువులు వేలల్లో పోయాయి.

అందుకే ‘పరిశోధన నిధి’ అని పెద్ద బోర్డు పెట్టడం కంటే, లక్షన్నరతో కదిలే పని ఒకటి వెతుక్కోవడం నయం. అలాంటిది మన ఏజెన్సీలోనే ఉంది. అరకు, పాడేరు వైపు దొమ్మ రోగం, అదే ఆంత్రాక్స్, అప్పుడప్పుడూ తలెత్తుతూనే ఉంది. చచ్చిన పశువును కోసినవాళ్లకు చేతుల మీద నల్లటి పుండ్లు లేచి, విశాఖ కేజీహెచ్ ఆసుపత్రి దాకా వచ్చిన సందర్భాలున్నాయి. వాళ్లను తప్పుపట్టడం తేలికే. ఎద్దు పోయిన ఇంట్లో ఆ మాంసం తప్ప ఇంకేం మిగులుతుంది?

ఈ రోగం అనుమానం ఉంటే కళేబరాన్ని కోసి పోస్టుమార్టం చేయకూడదు. గాలి తగిలితే క్రిమి గట్టి పెంకు కట్టుకున్న స్పోర్లుగా మారి దశాబ్దాల తరబడి మట్టిలో బతుకుతుంది. చెవి నరం నుంచి ఒక్క చుక్క రక్తం తీసి, గాజు పలక మీద పల్చగా రాసి, పాలీక్రోమ్ మిథిలీన్ బ్లూ పోసి మైక్రోస్కోపు కింద పెడతారు. గొలుసు కట్టిన నీలం కడ్డీలు, వాటి చుట్టూ గులాబీ రంగు పొర. నన్నడిగితే ప్రదర్శనలో ముందు తగిలించాల్సిన బొమ్మ ఇదే. పూలబుట్టలో కుక్కపిల్లను ఎవరైనా గీస్తారు. దీన్ని గీయడానికి ఆ పలకలు చూసి చూసి అలవాటైన కన్ను కావాలి.

ఆ చుక్క రక్తం ల్యాబుకు చేరడమే అసలు తిప్పలు. కొండ మీది ఊళ్లో పశువు చచ్చిందని కబురు రావాలి, ఎవరో ఒకరు బండేసుకుని వెళ్లాలి, గ్లవ్స్, స్లైడ్లు, పాతిపెట్టడానికి సున్నం చేతిలో ఉండాలి. ఆలోపు ఊళ్లో మాంసం పంపకాలు అయిపోతాయి. ఏ ఊళ్లో, ఏ నెలలో, ఏ మేత బీడు దగ్గర పశువులు పోతున్నాయో రెండు వానాకాలాలు తిరిగి రాసుకుంటే, ఏటా వేయాల్సిన టీకా ముందు ఎక్కడ వేయాలో తెలుస్తుంది. ఇదీ పరిశోధనే. గరివిడి పశువైద్య కళాశాల విద్యార్థులకు పెట్రోలు ఖర్చులిస్తే మొదలవుతుంది.

కుక్కల యజమానులు, కుక్కపిల్లల్ని రక్తవిరేచనాలతో చంపే పార్వో సంగతేంటని అడుగుతారు, న్యాయమే. ఏడాదికి ఒకే వ్యాధి పెట్టుకోండి. ఈసారి దొమ్మ, వచ్చేసారి పార్వో. నాలుగు వ్యాధులకూ పంచితే ఏదీ సాగదు. బొమ్మ పక్కన ధరతో పాటు ఆ డబ్బు ఏ పనికో కూడా రాయాలి. ఆర్నెల్ల తర్వాత ఖర్చుల లెక్క కొన్నవాళ్లకు వాట్సాప్‌లో పంపాలి. శాలువాల ఖర్చుతో సహా.

హాలు అద్దె, ఫ్రేముల సంగతికొస్తే, 2013 కంపెనీల చట్టంలో, కంపెనీలు లాభాల్లో కొంత సమాజం కోసం ఖర్చుపెట్టాల్సిన సీఎస్‌ఆర్ పనుల జాబితాలో జంతు సంక్షేమం కూడా ఉంది. ఇన్ని పరిశ్రమలున్న ఊళ్లో పద్ధతిగా అడిగితే ఆ ఖర్చు భరించే కంపెనీ ఒక్కటైనా దొరక్కపోదు. అప్పుడు 3,20,000కు 3,20,000 ఏజెన్సీ దారి పడుతుంది.