తనిఖీ ముందురోజు హడావిడిలో ఏం కప్పేస్తున్నాం?

"రేపు ఇన్‌స్పెక్టర్ వస్తున్నారట" అన్న కబురు అందగానే ఫ్యాక్టరీ రూపం మారిపోతుంది. నేల కడుగుతారు. నడక దారి పక్కన వెలిసిపోయిన పసుపు గీతల మీద మళ్లీ రంగు పడుతుంది. నెలల తరబడి స్టోర్‌లో పెట్టెల్లోనే ఉండిపోయిన హెల్మెట్లు, కళ్లద్దాలు బయటికొస్తాయి. ఆఫీసు గదిలో ఇద్దరు కూర్చుని ఖాళీ రిజిస్టర్లు నింపుతుంటారు. సేఫ్టీ విభాగంలో కొన్నేళ్లు పనిచేసినవాడిగా ఆ టెన్షన్ ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. ఆ పరుగులు నేనూ పెట్టాను.

అలాంటి ఒక సాయంత్రం ఇప్పటికీ కళ్లముందే ఉంది. ఒక ప్రెస్ మెషీన్‌కు, చేతులు లోపలికి పోకుండా ముందువైపు అడ్డుగా ఉండాల్సిన ఇనుప గార్డు లేదు. వెతికితే మెషీన్ వెనక గోడకు ఆనించి, నూనె, దుమ్ము అట్టకట్టిన స్థితిలో దొరికింది. దాన్ని తుడిచి, నాలుగు కొత్త బోల్టులు తెప్పించి బిగించాం. మర్నాడు వచ్చిన ఇన్‌స్పెక్టర్ గార్డు వంక పెద్దగా చూడలేదు. ఒక బోల్టు తలను వేలితో తడిమారు. చుట్టూ రంగంతా మాసిపోయి ఉంటే ఆ నాలుగూ మెరుస్తున్నాయి. ఆపరేటర్‌ను "రోజూ ఇది పెట్టుకునే నడుపుతున్నారా?" అని అడిగారు. అతను జవాబు చెప్పే ముందు సూపర్‌వైజర్ ముఖంలోకి చూశాడు. ఇన్‌స్పెక్టర్ ఇంకేమీ అడగలేదు. రాసుకున్నారు.

నోటీసు వచ్చింది, సంజాయిషీ ఇచ్చాం. అక్కడితో ఆ ఫైలు మూసేయొచ్చు. కానీ ఆ గార్డు అసలు ఎందుకు ఊడిందన్న ప్రశ్న నన్ను వదల్లేదు. వారం తర్వాత ఆ ఆపరేటర్ పక్కన నిలబడి చూస్తే అర్థమైంది. ముక్క ఇరుక్కున్న ప్రతిసారీ అతను స్పానర్ తెచ్చి నాలుగు బోల్టులు విప్పాలి, ముక్క తీయాలి, మళ్లీ నాలుగూ బిగించాలి. షిఫ్ట్‌లో అలా పదే పదే జరుగుతుంది. టార్గెట్ మాత్రం తగ్గదు. గార్డు పెట్టుకుంటే టార్గెట్ అందదు, తీసేస్తే వేళ్లు దక్కుతాయన్న నమ్మకం లేదు. తలుపులా తెరుచుకునే గార్డు, అది తెరవగానే మెషీన్ ఆగిపోయేలా ఒక ఇంటర్‌లాక్ పెట్టి ఉంటే దాన్ని ఊడదీయాల్సిన అవసరమే అతనికి వచ్చేది కాదు.

ముందురోజు సాయంత్రం ఆ మెషీన్ చుట్టూ పది మందిమి ఉన్నాం. "ఇది ఎందుకు తీశావయ్యా?" అని ఒక్కరమూ అడగలేదు. అడిగే తీరిక లేదు, పెట్టేస్తే చాలు. తనిఖీకి సిద్ధం కావడం పేరుతో మనం చేసే పెద్ద నష్టం ఇదేనని నా అభిప్రాయం. ఊడిన గార్డు, తలుపుకు అడ్డంగా చేరిన పెట్టెలు, వైరుతో కట్టేసిన స్విచ్ ఇవన్నీ అక్కడ పని నిజంగా ఎలా సాగుతోందో చెప్పే సాక్ష్యాలు. ఒక్క రాత్రిలో వాటిని చెరిపేస్తే ఇన్‌స్పెక్టర్‌కు ఏం కనబడకుండా పోయిందో ఏమో గానీ, యాజమాన్యానికి మాత్రం తన ఫ్యాక్టరీ గురించి తెలుసుకునే దారి మూసుకుపోతుంది.

ఈ కప్పిపుచ్చుడు కొత్తదేమీ కాదు కాబట్టే ఆకస్మిక తనిఖీకి చట్టాలు అంత విలువ ఇచ్చాయి. 1947లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఆమోదించిన 81వ ఒడంబడిక ప్రకారం ఇన్‌స్పెక్టర్ పగలైనా రాత్రయినా, ముందస్తు సమాచారం ఇవ్వకుండా పని స్థలంలోకి వెళ్లవచ్చు. పై అధికారులెవరూ పక్కన లేకుండా కార్మికులతో విడిగా మాట్లాడవచ్చు. అమెరికాలో 1970 నాటి వృత్తి భద్రత చట్టం ఇంకో అడుగు ముందుకేసింది. తనిఖీ జరగబోతోందని అనుమతి లేకుండా ముందే చేరవేసినవాళ్లకు ఆరు నెలల వరకు జైలు శిక్ష పడొచ్చు.

అది ఎంత తీవ్రమైన విషయమో 2010 ఏప్రిల్ 5న వెస్ట్ వర్జీనియాలోని అప్పర్ బిగ్ బ్రాంచ్ బొగ్గు గనిలో తెలిసింది. పేలుడులో 29 మంది చనిపోయారు. ఇన్‌స్పెక్టర్లు గేటు దగ్గరికి రాగానే కాపలా సిబ్బంది రేడియోలో లోపలికి కబురు పంపేవారని దర్యాప్తులో బయటపడింది. రెండు రకాల పుస్తకాలు కూడా ఉండేవి. గనిలో కనబడిన ప్రమాదాలు లోపలి పుస్తకంలోకి ఎక్కేవి, చట్టప్రకారం చూపించాల్సిన పుస్తకంలోకి వాటిలో కొన్ని ఎక్కేవి కావు. రేడియోలో మాట అందాక దొరికే ఆ కొద్ది నిమిషాల్లో గాలిని మళ్లించే తెరలు సరిచేసుకోవచ్చేమో. సొరంగాల పొడవునా పేరుకున్న బొగ్గు ధూళిని మాత్రం ఏం చేయగలరు? దాని మీద సున్నపురాయి పొడి తగినంత చల్లి ఉంటే చిన్న మంట అంత పెద్ద పేలుడుగా మారేది కాదు. అది రోజూ చేయాల్సిన పని. గనుల భద్రత నిబంధనలు ఉల్లంఘించేందుకు కుట్ర పన్నినట్టు కంపెనీ మాజీ అధిపతిని 2015లో కోర్టు దోషిగా తేల్చింది. ఏడాది జైలు శిక్ష పడింది.

అనుభవం ఉన్న ఇన్‌స్పెక్టర్ కాగితాన్ని, మెషీన్‌ను, మనిషిని పక్కపక్కన పెట్టి చూస్తారు. ఈ మూడింటిలో కాగితం మీదే మనకు శ్రద్ధ ఎక్కువ. శిక్షణ రిజిస్టర్‌లో 40 సంతకాలు ఒకే పెన్నుతో, ఒకే వాలుతో ఉంటే చదివేవాళ్లకు తెలియకుండా ఉంటుందా? ఆ రోజు సెలవులో ఉన్నవాడి సంతకం కూడా అందులో ఉంటే? ఖాళీ రిజిస్టర్ చూపిస్తే అది నిర్లక్ష్యం అవుతుంది, దొంగ సంతకాల రిజిస్టర్ చూపిస్తే నేరం అవుతుంది. శిక్షణ ఇవ్వకపోతే ఇవ్వలేదని ఒప్పుకుని, ఏ తేదీలోగా ఇస్తామో రాసివ్వడం మేలు. నేను చూసిన ఇన్‌స్పెక్టర్లలో చాలామంది ఆ నిజాయితీకి విలువిచ్చారు.

మెషీన్లు, పరికరాల సంగతికొస్తే, అవి ఉన్నాయా అన్నదొకటి, పనిచేస్తున్నాయా అన్నదొకటి. యాసిడ్ వాడే చోట కళ్లు కడుక్కునే ఐవాష్ ఉందనుకోండి. యాసిడ్ పడిన మనిషి 10 సెకన్లలోపు దాన్ని చేరుకోగలగాలి, కనీసం 15 నిమిషాల పాటు నీళ్లు ఆగకుండా రావాలి. అమెరికా ప్రమాణం ఇది. నేనొకసారి ఒక ఐవాష్ తిప్పి చూశాను. ముందు గాలి చప్పుడు, తర్వాత తుప్పు రంగు నీళ్లు. నెలల తరబడి ఎవరూ దాన్ని తిప్పలేదు. పైన వేలాడుతున్న చెకింగ్ కార్డు మీద మాత్రం ప్రతి వారం టిక్కు ఉంది. కళ్లలో యాసిడ్ పడిన మనిషి మంటతో అక్కడికి తడుముకుంటూ వచ్చి ఆ నీళ్లలో కళ్లు పెడితే ఏమవుతుందోనని ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ కూడా అంతే. దాని ప్రెషర్ మీటరు ముల్లు పచ్చ గీతలో ఉంటే సరిపోదు, దాని ముందు డ్రమ్ములు లేకుండా ఉండాలి, దాన్ని ఎలా వాడాలో ఆ షిఫ్ట్‌లో ఒక్కరికైనా తెలిసుండాలి.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది తాళం వేసిన తలుపు. 1991 సెప్టెంబర్ 3న నార్త్ కరోలినాలోని హామ్లెట్ అనే ఊళ్లో కోడిమాంసం ఫ్యాక్టరీ తగలబడి 25 మంది చనిపోయారు. దొంగతనాల భయంతో తలుపులకు తాళాలు వేశారు. ఆ ఫ్యాక్టరీ నడిచిన 11 ఏళ్లలో కార్మిక భద్రత ఇన్‌స్పెక్టర్ ఒక్కసారి కూడా అక్కడ అడుగుపెట్టలేదు. మాంసం నాణ్యత చూసే ప్రభుత్వ తనిఖీదారు మాత్రం రోజూ వచ్చేవారు. మాంసానికి దొరికిన పాటి చూపు మనుషులకు దొరకలేదు. కరాచీలో 2012 సెప్టెంబర్ 11న బట్టల ఫ్యాక్టరీలో మంటలు లేచి 250 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఆ ఫ్యాక్టరీకి కొద్ది వారాల ముందే అంతర్జాతీయ ప్రమాణాల సర్టిఫికెట్ వచ్చింది. అది ప్రైవేటు సంస్థ ఇచ్చిన సర్టిఫికెట్. మంటలు ఎలా మొదలయ్యాయన్నది కోర్టుల్లో నలిగిన వ్యవహారం. లోపలున్నవాళ్లు బయటికి రాలేకపోయింది మాత్రం మూసిన తలుపుల వల్ల, కిటికీల కమ్మీల వల్ల. కాగితం మీద మమ అనిపించుకుంటే ఏమవుతుందో ఇంతకన్నా చెప్పేదేముంది?

యాజమాన్యాల మాట కూడా వినాలి. తనిఖీ అంటే వేధింపని, ఉత్పత్తి దెబ్బతింటుందని, తప్పులు వెతకడానికే వస్తారని వాళ్లంటారు. తప్పుగా ప్రవర్తించే అధికారులు లేరని నేను అనను. కానీ తనిఖీల వల్ల ఒరిగేదేమీ లేదన్న వాదన నిలబడదు. కాలిఫోర్నియాలో లాటరీ పద్ధతిలో తనిఖీకి ఎంపికైన పని స్థలాలను, ఎంపిక కాని అలాంటి స్థలాలతో పోల్చిన అధ్యయనం 2012లో సైన్స్ పత్రికలో వచ్చింది. తనిఖీ జరిగిన చోట గాయాలు 9.4 శాతం తగ్గాయి, గాయాల మీద ఖర్చు 26 శాతం తగ్గింది. ఉద్యోగాలు గానీ, అమ్మకాలు గానీ పడిపోయిన దాఖలా కనిపించలేదు.

మరి సిద్ధం కావడం అంటే ఏమిటి? నన్నడిగితే రాత్రి షిఫ్ట్‌తో మొదలుపెట్టమంటాను. మేనేజర్లు లేని వేళ, అర్ధరాత్రి దాటాక, మెయింటెనెన్స్ పని జరుగుతున్నప్పుడు ఒకసారి వెళ్లి చూడండి. మెషీన్ రిపేర్‌లో ఉంటే మెయిన్ స్విచ్‌కు తాళం పడిందా, ఆ తాళం చెవి పనిచేస్తున్నవాడి జేబులోనే ఉందా? లేక "కరెంటు ఆపేశాంలే" అన్న నోటిమాట మీదే లోపల చెయ్యి పెట్టారా? వేరేవాళ్లు తెలియక స్విచ్ వేస్తే ఆ మాట చెయ్యిని కాపాడదు. గ్రైండర్ దగ్గర ఆగి, చక్రానికీ ముక్క ఆనించే దిమ్మకూ మధ్య ఖాళీ 3 మిల్లీమీటర్లు దాటిందేమో కొలవండి. ఖాళీ పెరిగితే ముక్క అందులో ఇరుక్కుంటుంది, చక్రం పగలొచ్చు. సరిచేయడానికి రెండు నిమిషాలు చాలు.

నిన్నో మొన్నో చేరిన కాంట్రాక్ట్ కార్మికుడి దగ్గరికి వెళ్లండి. మంటలు వస్తే ఎటు వెళ్లాలో అడగండి. అతను వచ్చిన తలుపు వైపే చెయ్యి చూపిస్తే మీ మాక్ డ్రిల్ అతని దాకా చేరలేదన్నమాట. ఏ ఫ్యాక్టరీలోనైనా బరువైన, మురికి, ఎత్తు మీది పనులు ఎక్కువగా వాళ్లవే. శిక్షణ రిజిస్టర్‌లో వాళ్ల పేర్లు ఉండవు, ఉన్నా చివరి పేజీలో ఉంటాయి. శిక్షణ జాబితా ఎవరితో మొదలవ్వాలో ఇంకా చెప్పాలా?

చూసిన లోపాలు రాసుకుంటే సరిపోదు, దేనికి ఎవరు డబ్బు మంజూరు చేయగలరో కూడా రాయాలి. సేఫ్టీ ఆఫీసర్ చేతిలో పెన్ను ఉంటుంది గానీ చెక్కు ఉండదు. "ఇంటర్‌లాక్ కావాలని మూడుసార్లు అడిగాను" అన్న ఉత్తరం ఫైలులో ఉంటే, ప్రమాదం జరిగాక ఆ కాగితం ఆఫీసర్‌ను కాపాడుతుందేమో, ఆపరేటర్ వేళ్లను కాపాడదు. అందుకే నెలకోసారైనా మేనేజరే స్వయంగా ఆ లోపాల జాబితా పట్టుకుని తిరగాలి.

ఇక తనిఖీ రోజున, ఇన్‌స్పెక్టర్ కార్మికుడితో మాట్లాడుతుంటే దూరంగా వెళ్లిపోండి. పక్కన నిలబడి దగ్గడం, మాట అందించడం వద్దు. ముందే జవాబులు నేర్పించడం అసలు వద్దు. నేర్పించిన జవాబు ఎంత అతుకులబొంతగా వినబడుతుందో చెప్పేవాడికీ తెలుసు, వినేవాడికీ తెలుసు. ఏదైనా లోపం అక్కడికక్కడే సరిచేయగలిగితే సరిచేయండి, కానీ అది ముందునుంచీ అలాగే ఉందని బుకాయించకండి.

తనిఖీ అయిపోయాక చాలా చోట్ల మొదట వినబడే ప్రశ్న "ఎవడు చెప్పాడు?" అన్నదే. ఫిర్యాదు ఎవరిచ్చారన్నది పూర్తి గోప్యంగా ఉంచాలని అదే 81వ ఒడంబడిక ఇన్‌స్పెక్టర్లను ఆదేశిస్తోంది. అయినా సూపర్‌వైజర్లు ఒక్కొక్కరినీ పిలిచి ఆరా తీస్తారు, అనుమానం వచ్చినవాడిని షిఫ్ట్ మారుస్తారు. ఆ ఒక్క పనితో ఫ్యాక్టరీ అంతా నోరు కుట్టేసుకుంటుంది. ఆ ప్రెస్ ఆపరేటర్ సూపర్‌వైజర్ వైపు చూసిన చూపు అలాంటి రోజుల్లోనే తయారైంది. నేను పక్కన నిలబడిన వారంలో కూడా అతను మొదటి రెండు రోజులు నాతో ఏమీ మాట్లాడలేదు. మూడో రోజు మధ్యాహ్నం, ముక్క ఇరుక్కున్నప్పుడు, స్పానర్ నా చేతికిచ్చి, "మీరే ఒకసారి విప్పి చూడండి సార్" అన్నాడు.