డెమో ప్లాట్‌ని ప్రయోగం అనకండి

ఏపుగా పెరిగిన మడి, పక్కన బోర్డు, నాలుగు ఫోటోలు, "ఈ మందు కొట్టాం, ఇంత దిగుబడి వచ్చింది" అని మైకులో చెప్పడం, రైతులకి చూపించడానికి వేసిన ఈ డెమో ప్లాట్‌నే క్షేత్ర ప్రయోగం అనేస్తున్నారు. మరి మందు కొట్టని మడి ఏది? మందు కొట్టినదానికే మంచి నేల ఇచ్చారా, నీళ్లు ముందు అందే వైపు పెట్టారా? ఇవేవీ అడక్కుండా బయటికొచ్చే సిఫార్సు ఎంత పెద్ద సంస్థదైనా నా లెక్కలో అది ప్రచారమే.

నిజానికి ఈ గొడవ ఎప్పుడో తేలిపోయింది. ఇంగ్లండ్‌లో రోథమ్‌స్టెడ్ అనే వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో 1843 నుంచి గోధుమలో ఎరువుల ప్రయోగం నడుస్తూనే ఉంది, 1919లో అక్కడ చేరిన స్టాటిస్టిక్స్ నిపుణుడు రోనాల్డ్ ఫిషర్ ఆ పాత లెక్కలు తిరగేసి, తర్వాత కొన్నేళ్లకి తేల్చింది ఏంటంటే, ఒకే పొలంలో కూడా నేల అడుగడుక్కీ మారుతుంది కాబట్టి ఏ మడికి ఏ ఎరువో లాటరీ తీసి వెయ్యాలి, ఒక్కోదాన్ని చాలా చోట్ల వేసి చూడాలి, అప్పుడే తేడా ఎరువుదో నేలదో తెలుస్తుంది.

సరే, ప్రయోగం పద్ధతిగానే చేశారనుకుందాం. మొక్కజొన్నకి నత్రజని మీద సెరాటో, బ్లాక్‌మర్ అని ఇద్దరు 1990లో రాసిన పేపర్ ఉంది, ఎంత ఎరువుకి ఎంత దిగుబడో చూపే గ్రాఫులు అవే లెక్కలకి ఐదు రకాలుగా గీస్తే ఐదూ దాదాపు ఒకేలా సరిపోయాయి, కానీ ఎక్కువ లాభం ఇచ్చే మోతాదు మాత్రం గ్రాఫుని బట్టి సగటున హెక్టారుకి 128 కిలోల నుంచి 379 కిలోల దాకా పోయింది. డేటా అదే, సలహా దాదాపు మూడింతలు! రైతు చేతికొచ్చే కాగితం మీద మాత్రం ఒక్క అంకే ఉంటుంది, దాని వెనక ఏ గ్రాఫు ఉందో ఎవరూ చెప్పరు.

విత్తే టైంలో ఈ స్టాటిస్టిక్స్ పాఠం ఎందుకు, సూటిగా ఒక మాట చెప్పండి చాలు అంటారు కొందరు. పాయింటే. కానీ "కొన్ని సాళ్లకి ఆ ఎరువు వెయ్యకుండా వదిలేసి చూడు" అనడానికి స్టాటిస్టిక్స్ రావక్కర్లేదుగా. ఆ సాళ్లు ఒక గట్టు పక్కనే కాకుండా పొలంలో మూడు నాలుగు చోట్ల ఉండాలి, కోతప్పుడు వాటి గింజ విడిగా తూకం వెయ్యాలి, ఇదే రెండు మూడేళ్లు చెయ్యాలి, ఎందుకంటే వానలు బాగా పడ్డ ఏడాది లెక్క ఎండిన ఏడాదికి పనికిరాదు. ఇలాంటి పొలాల లెక్కలు వందల్లో ఒకచోట చేరితే, చదునుగా, కలుపు లేకుండా ఉండే పరిశోధనా స్థానం మడి చెప్పలేనివి ఎన్నో అవి చెప్తాయి.

నాకు అసలు మండేది ఇంకోటి ఉంది. ఈ లాటరీ పద్ధతి పొలాల్లో పెరిగాకే వైద్యంలోకి వెళ్లింది, క్షయకి స్ట్రెప్టోమైసిన్ అనే మందు పనిచేస్తుందా అని, ఏ రోగికి ఇవ్వాలో లాటరీ తీసి చూసిన ట్రయల్ 1948లో అచ్చయింది. డాక్టర్లు అక్కడితో ఆగలేదు, మొదలుపెట్టే ముందే ట్రయల్‌ని పబ్లిక్‌గా రిజిస్టర్ చెయ్యకపోతే దాని ఫలితాలు అచ్చు వెయ్యబోమని పెద్ద మెడికల్ జర్నల్స్ 2005 నుంచి చెప్పేశాయి. దాంతో ఫెయిలైన ట్రయల్‌ని గుట్టుగా దాచడం కష్టమైంది. మరి పంటలకి ఆ పట్టింపు ఏది? పది చోట్ల వేసి రెండు చోట్ల నెగ్గితే ఆ రెండే కరపత్రం ఎక్కుతాయి, మిగతా ఎనిమిదీ బీరువాలోకి పోతాయి. "ఇది వెయ్యక్కర్లేదు" అన్నది కూడా సలహానే కానీ దాన్ని అమ్ముకునేవాడు ఎవడూ లేడు, అందుకే అది పొలం దాకా రాదు. ప్రజల డబ్బుతో జరిగే ప్రతి ట్రయల్‌నీ విత్తక ముందే నమోదు చెయ్యాలి, తేడా రాకపోయినా రిజల్ట్ బయటపెట్టాలి, కొత్త మందుకి లైసెన్స్ అడిగే కంపెనీ నెగ్గిన మడులతో పాటు ఓడిన మడుల లెక్కలూ టేబుల్ మీద పెట్టాలి.