అన్నీ నావే అనే డిఫాల్ట్ రూట్ గారికి

మహారాజశ్రీ డిఫాల్ట్ రూట్ గారి దివ్య సముఖమునకు,

గుంటూరు బ్రాడీపేట నుంచి మీ గేట్‌వేని, అంటే లోపలి సిస్టమ్‌లని బయటి ఇంటర్నెట్‌కి కలిపే డబ్బాని, చూసుకునేవాడు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం అని రాయాలనే ఉంది గానీ, మొన్న మార్చి నెలంతా మీ దయ వల్ల అది అబద్ధం.

వేరే దారి రాసి లేని డేటా ముక్కలన్నిటినీ, అంటే ప్యాకెట్లన్నిటినీ, ఒకే వైపు పంపే దారి తమరు. తమరి అసలు పేరు 0.0.0.0/0. పేరు నిండా సున్నాలే. మా ఊళ్ళో అడ్రసులో గీత పడిందంటే దానికో అర్థం ఉంటుంది. బ్రాడీపేట 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. ఆ రెండు అంకెలు చెప్తే ఆటో అతను ఇంకేమీ అడగడు. మీ లోకంలో గీత లెక్క వేరు. గీత తర్వాత అంకె పెద్దదయ్యేకొద్దీ అడ్రసు కచ్చితమవుతుంది. /32 అంటే ఒకే ఒక్క సిస్టమ్, /24 అంటే 256 అడ్రసులున్న వీధి. /0 అంటే భూమ్మీద ఉన్నవన్నీ. అంటే ఏమీ తెలియనివారికి అంతా అప్పగించాం.

శంకర్ విలాస్ సెంటర్లో బడ్డీకొట్టు ఆనుకుని నిలబడే పెద్దమనిషి ఒకాయన ఎప్పుడూ ఉంటాడు. ఎక్కడికి దారి అడిగినా "నేరుగా పోండి, అక్కడ ఎవర్నైనా అడగండి" అంటాడు. తెలియదు అన్న మాట ఆయన నోట రాదు. మీరూ ఆ వంశమే. అయితే ఆ మాట మీదే ఇంటర్నెట్‌లో సగం నడుస్తోందని నాకూ తెలుసు. చిన్న గేట్‌వేకి దారి మొత్తం తెలియక్కర్లేదు, తర్వాతి మజిలీ తెలిస్తే చాలు. అందుకని మీ వృత్తిని తప్పు పట్టను. కాకపోతే ఒకటి గుర్తు చేస్తాను, ఏమీ అనుకోకండి. ఇంటర్నెట్ నడిమధ్య ఉండే పెద్ద రూటర్లలో మిమ్మల్ని గడప కూడా తొక్కనివ్వరు. వాళ్ళు 9 లక్షలకు పైగా దారులు పేరుపేరునా రాసుకుంటారు. "తక్కినవన్నీ అటు పొండి" అని చేయి చూపించే పెద్దమనిషితో అక్కడ పనిలేదు. మీ ప్రతాపమంతా మాలాంటి చిన్న కొట్ల దగ్గరే.

ఇక మా కొట్టు సంగతి. మా షావుకారు గారిది మిర్చి కమీషన్ వ్యాపారం. యార్డులో కొట్టు, బ్రాడీపేటలో ఆఫీసు, ఊరి బయట కోల్డ్ స్టోరేజీ. మొదట్లో మూడు చోట్లా 192.168.1 అన్న అడ్రసులే ఉండేవి. ఎవరు పెట్టారో అడక్కండి, నేనే. మూడిళ్ళకీ ఒకే డోర్ నంబరు ఉంటే పోస్ట్‌మ్యాన్ ఏం చేస్తాడు? ఆ చివరి 1 మార్చి కొట్టుకి 20, ఆఫీసుకి 10, కోల్డ్ స్టోరేజీకి 50 ఇచ్చి, మధ్యలో టన్నెల్స్, అంటే ఇంటర్నెట్ మీదుగా మూడు చోట్లనీ కలిపే సొంత దారులు, వేయడానికి రెండు ఆదివారాలు పట్టింది. అసలు గేట్‌వే ఉండేది యార్డు కొట్లో.

అంతవరకు మీరు మర్యాదగానే ఉన్నారు. గేట్‌వే దారులు రాసుకునే పట్టికని టేబుల్ అంటారు. ఒక టేబుల్లో మీకంటే కచ్చితమైన దారి ఇంకొకటి ఉంటే మీరు పక్కకి తప్పుకుంటారు. 192.168.50.0/24 అని రాసి ఉంటే కోల్డ్ స్టోరేజీకి పోయే ప్యాకెట్ జోలికి రారు. అది మీ సంస్కారం అనుకున్నాను. పక్కన ఇంకొకరు ఉన్నారు కాబట్టి ఊరుకున్నారని తర్వాత తెలిసింది.

మార్చి అంటే యార్డుకి రోజుకి లక్ష టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దాటి వచ్చే రోజులు. అప్పుడే కొత్త ఫైబర్ లైను పెట్టించారు. షావుకారు గారు నన్ను పిలిచి, "అబ్బాయ్, కొత్త లైను నా సిస్టమ్‌కి ఒక్కదానికే రావాల. గుమాస్తాలకి పాతది చాల్లే" అన్నారు. డబ్బు పెట్టింది ఆయన, కాదనడానికి నేనెవర్ని? గేట్‌వేలో ఒక రూల్ రాశాను: 192.168.20.25 నుంచి వచ్చే ప్యాకెట్లన్నీ 200వ టేబుల్ చూడాలి. రూల్ వరస నంబరు 100. ఆ 200వ టేబుల్లో ఒకే ఒక్క లైను పెట్టాను. కొత్త ఫైబర్ వైపు తిరిగి కూర్చున్న తమరు.

పొద్దున్నే షావుకారు గారి సిస్టమ్‌లో అన్నీ రయ్యిమని తెరుచుకున్నాయి. ఢిల్లీ ధర, వార్తలు, మనవడి పుట్టినరోజు వీడియో. ఒక్క కోల్డ్ స్టోరేజీ స్టాకు మాత్రం రాలేదు. పక్క బల్ల మీద గుమాస్తా సిస్టమ్‌లో వస్తోంది, దాని పక్కదాంట్లోనూ వస్తోంది. ఆయనకే రాదు.

షావుకారు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, పెద్ద గుమాస్తా బాబాయ్ వైపు చూశారు. "అందరికీ కనపడే సరుకు నాకొక్కడికీ కనపడటం లేదంటే ఏంటయ్యా అర్థం?"

బాబాయ్ ఆ కొట్లో 30 ఏళ్ళుగా ఉన్నాడు. మిర్చి రకాల్లో తేజాకీ 334కీ ముట్టుకోకుండా తేడా చెప్పగల మనిషి. ఆ ప్రశ్నకి మాత్రం ఆయన దగ్గర సమాధానం లేదు. మధ్యాహ్నానికల్లా ఒక కుర్రాణ్ణి కోల్డ్ స్టోరేజీకి పంపి టిక్కీలు లెక్కపెట్టించారు. లెక్క సరిపోయింది. సరిపోయాక అనుమానం ఇంకా పెరిగింది.

తప్పు మీది, నింద బాబాయ్‌ది. జరిగింది ఇదీ. కచ్చితమైన దారే గెలవాలన్న ధర్మం ఒక టేబుల్ లోపలే చెల్లుతుంది. ఏ టేబుల్ చూడాలో చెప్పేవి రూల్స్. వాటిని చిన్న నంబరు నుంచి చదువుకుంటూ పోతారు. ఏ టేబుల్లో ముందుగా దారి దొరికితే అక్కడితో వెతకడం ఆపేస్తారు. గేట్‌వే నడిచే లినక్స్‌లో మామూలు దారులన్నీ ఉండే మెయిన్ టేబుల్ వరస 32766, అంటే పెళ్ళి భోజనాల్లో దాదాపు ఆఖరి విస్తరి. నా రూల్ 100. కోల్డ్ స్టోరేజీకి వెళ్ళాల్సిన షావుకారు గారి ప్యాకెట్ ముందు 200వ టేబుల్లోకి వచ్చింది. అక్కడ ఉన్నది మీరొక్కరే. "192.168.50 నాకు తెలియదు బాబూ, మెయిన్ టేబుల్లో అడుగు" అన్నారా? అనలేదు. "నేరుగా పోండి" అన్నారు. టన్నెల్ దారి మెయిన్ టేబుల్లో భద్రంగా ఉంది, అక్కడిదాకా వెళ్ళినవాడే లేడు.

మందు చిన్నదే. 90వ నంబరుతో ఇంకో రూల్: 192.168.0.0/16కి పోయేవి ఏవైనా ముందు మెయిన్ టేబుల్ చూడాలి. కొట్టగానే స్టాకు వచ్చింది. షావుకారు గారు బాబాయ్‌కి టీ తెప్పించారు. క్షమాపణ అంటే ఆ కొట్లో అదే.

ఈ గొడవలోనే ఇంకో ఘనకార్యం కూడా చేశాను. బ్రాడీపేట ఆఫీసులో కూర్చుని, టన్నెల్ మీదుగా యార్డు గేట్‌వేలోకి వెళ్ళి, మిమ్మల్ని పాత లైను నుంచి కొత్త లైనుకి తిప్పాను. ఆ టన్నెల్ నిలబడిందే పాత లైను మీద. కూర్చున్న కొమ్మ నరుక్కోవడం అంటే ఏంటో ఎంటర్ కొట్టిన మరుక్షణం తెలిసింది. బండేసుకుని యార్డుకి పోతే, గేట్‌వే గల్లాపెట్టె పైన చెక్క మీద ఉంది. దాని గాలి కన్నాల నిండా ఎర్రటి పొడి. సీజన్ మొత్తం పీల్చిన మిర్చి దుమ్ము. కనపడక ఉఫ్ అని ఊదాను. ఆ పని పగవాడు కూడా చేయకూడదు. పది నిమిషాలు కళ్ళు తెరవలేదు, తుమ్ములు మాత్రం ఆగలేదు. బాబాయ్ తుండుగుడ్డ తడిపి చేతికిచ్చి, "ఇంటర్నెట్‌లో కూడా ఘాటుంటదా అబ్బాయ్" అన్నాడు. అప్పటినుంచి దూరంగా కూర్చుని మిమ్మల్ని కదిపేటప్పుడు, ముందే పది నిమిషాల తర్వాత రీస్టార్ట్ అయ్యేట్టు పెట్టుకుంటున్నాను. అంతా బాగుంటే దాన్ని రద్దు చేస్తాను. నాకు లోపలికి దారి మూసుకుపోతే గేట్‌వే తనంతట తనే లేచి పాత సెట్టింగులకి వస్తుంది. సేవ్ చేయనివి రీస్టార్ట్‌లో పోతాయి కదా, ఆ లోపమే ఇక్కడ అక్కరకొచ్చింది.

పచ్చ లైటు సంగతి కూడా రాయాలి, ఒక్క ముక్కలో. లైను ఎక్కడో అవతల తెగిపోయినా, గోడ మీది ఫైబర్ డబ్బాకీ గేట్‌వేకీ మధ్య తీగ బాగుంటే చాలు, పచ్చ లైటు వెలుగుతూనే ఉంటుంది, మీరు కుర్చీ దిగరు. అందుకని బయటి అడ్రసు ఒకదాన్ని నిమిషానికోసారి పింగ్ చేయిస్తున్నాను, అంటే ఉన్నావా అని పలకరింపు. ఆ పింగ్ ఆ లైనులోంచే పోవాలని /32 దారి కూడా రాయాల్సి వచ్చింది. లేకపోతే రెండో లైనులోంచి పోయి, చచ్చిన లైను బతికే ఉందని సాక్ష్యం చెప్తుంది.

నిజంగా నా కడుపు మండింది ఇది కాదు. ఏప్రిల్‌లో ఒకరోజు కోల్డ్ స్టోరేజీ టన్నెల్ పడిపోయింది. టన్నెల్‌తో పాటు దాని /24 దారీ టేబుల్లోంచి పోయింది. అప్పుడు మీరేం చేశారు? మీ అలవాటే చేశారు. 192.168తో మొదలయ్యేవి ఇంటి లోపలి అడ్రసులనీ, బయట ఇంటర్నెట్‌లో చెల్లవనీ 1996లోనే రాసిపెట్టారు. అయినా వాటిని తీసుకెళ్ళి వీధిలో వదిలేశారు. అవతలివాళ్ళు చూసి, ఉలుకూ పలుకూ లేకుండా పారేశారు. కొట్లో కొనుగోలుదారు నిలబడి ఉన్నాడు. బాబాయ్ స్క్రీన్ మీద తిరుగుతున్న చక్రం వైపు చూస్తున్నాడు. సరుకు ఉందా అంటే చక్రం, లేదా అంటే చక్రం. పింగ్ కొడితే నాలుగుసార్లూ రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్. కొనుగోలుదారు పక్క కొట్టుకి వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి మెయిన్ టేబుల్లో మీకంటే పైన ఒకర్ని కూర్చోబెట్టాను. 192.168.0.0/16, అన్‌రీచబుల్. టన్నెల్ బతికున్నంతసేపు /24 గెలుస్తుంది కాబట్టి ఈయన నోరు మెదపడు. టన్నెల్ పడితే మీదాకా రానీయకుండా పట్టుకుని, దారి లేదని అడిగినవాడికి అప్పటికప్పుడే చెప్పేస్తాడు. ఈయనకి వచ్చింది ఆ ఒక్క మాటే. ఇన్నేళ్ళలో తమరికి రాని మాట.

మొన్న టన్నెల్ మళ్ళీ పడింది. బాబాయ్ ఫోన్ చేశాడు.

"అబ్బాయ్, ఇయ్యాల తిరుగుతా కూర్చోలేదు. దారి లేదని ఠక్కున చెప్పేసింది. బాగు చేసేశావా?"

"టన్నెల్ ఇంకా పడే ఉంది బాబాయ్."

"పడితే పడనీలే. ఫోన్ చేసి లెక్క కనుక్కున్నా, బేరం అయిపోయింది."

ఇట్లు,
తమరి కింద పనిచేయక తప్పనివాడు

తా.క.: ఆ అన్‌రీచబుల్ రూట్‌ని సేవ్ చేశానో లేదో గుర్తు రావట్లేదు. ఆదివారం యార్డు వైపు కరెంటు తీస్తారని బాబాయ్ ఇప్పుడే చెప్పాడు. బండి తాళాలు వెతుక్కుంటున్నాను.