మహారాజశ్రీ గ్లోబల్ కాన్ఫిగ్ గారి సముఖానికి

నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

వెబ్‌సైట్ సెట్టింగులన్నీ ఒక్కచోట దాచుకున్న పైథాన్ ఫైల్ మీరు. ముందుగా మీ దానగుణం గురించి చెప్పుకోవాలి. మీ చేతికి ఎముక లేదు. ఫైల్ పైన ఒక్క ఇంపోర్ట్ లైన్ రాస్తే చాలు, డేటాబేస్ పాస్‌వర్డ్ దగ్గర్నుంచి పేజీకి ఎన్ని వరసలు చూపాలన్న లెక్కదాకా అన్నీ గుమ్మరిస్తారు. ప్రొఫైల్ ఫొటో చూపించే హ్యాండ్లర్‌కి (సైట్‌కొచ్చే రిక్వెస్ట్‌కి జవాబిచ్చే కోడ్‌కి) పేమెంట్ గేట్‌వే కీతో ఏం పనని అడిగిన పాపాన పోలేదు. ఎవరేం పట్టుకెళ్లారో పద్దు రాసే అలవాటూ లేదు. అందుకే మీలోంచి ఒక పేరు తీసేయాలంటే ప్రాజెక్టంతా ఆ పేరు కోసం గ్రెప్ కొట్టి వెతకాలి, కొట్టాక కూడా భయంభయంగానే తీయాలి.

పోనీ ఇచ్చేదైనా తాజాదిస్తారా? ‘ఫ్రమ్ కాన్ఫిగ్ ఇంపోర్ట్ డీబీ యూఆర్ఎల్’ అని రాసిన ఫైల్‌కి, అది లోడ్ అయిన క్షణంలో మీ దగ్గరున్న విలువే దక్కుతుంది. తర్వాత టెస్టులో మీ దగ్గర ఆ విలువ మార్చినా హ్యాండ్లర్ పాతదాన్నే పట్టుకు కూర్చుంటుంది. టెస్ట్ డేటాబేస్‌లో వరసలు తుడవాల్సిన టెస్టు వెళ్లి అసలు దాంట్లో తుడిచేది ఇలాగే. పచ్చ టిక్కు మాత్రం పడుతుంది, అందులో లోటు చేయరు.

ఇక మీ వియ్యాలవారు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్, అంటే ప్రోగ్రాం బయట సిస్టమ్‌లో పెట్టే సెట్టింగులు. వాళ్లింట్లో నంబర్లుండవు, ట్రూ ఫాల్స్‌లుండవు, అన్నీ స్ట్రింగులే, అంటే వట్టి అక్షరాలే. తప్పులు వెతకడానికి వాడే డీబగ్ సెట్టింగ్ ఎదురుగా ‘ఫాల్స్’ అని రాసి పంపితే అది ఖాళీ స్ట్రింగ్ కాదు కాబట్టి పైథాన్ ట్రూ కింద జమకడుతుంది. టోర్నడో అనే పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లో డీబగ్ ఆన్ అయిందంటే, ఎర్రర్ వివరాలు బయటికి చూపే ‘సర్వ్ ట్రేస్‌బ్యాక్’ కూడా ఆన్ అయినట్టే. ఎర్రర్ ఏ ఫైల్‌లో ఏ లైన్‌లో పడిందో సైట్ చూడవచ్చినవాడి బ్రౌజర్‌లో ప్రత్యక్షమవుతుంది. వద్దని రాసినందుకు జరిగే మర్యాద ఇది. టైమౌట్ 30 సెకన్లని రాసి, మిల్లీసెకన్ల కోసం 1000తో గుణిస్తే 30000 వస్తుందనుకుంటాం. రాదు. ‘30’ని వెయ్యిసార్లు పక్కపక్కన గుచ్చిన 2000 అక్షరాల దండ వస్తుంది. గుణకారం దగ్గర ఎర్రర్ ఉండదు. ఆ దండ మెడలో పడ్డ లైబ్రరీ ఇంకెక్కడో గుడ్లు తేలేస్తుంది.

ఫ్లాస్క్ అనే వేరే ఫ్రేమ్‌వర్క్‌లోని మీ శాఖవారు ఇంకో అడుగు ముందున్నారు. ‘ఫ్రమ్ ఆబ్జెక్ట్’ అనే మెథడ్‌తో కాన్ఫిగ్ ఎక్కిస్తే క్యాపిటల్ లెటర్స్‌లో ఉన్న పేర్లే లోపలికి రానిస్తారు. చిన్న అక్షరాల పేర్లు గుమ్మం బయటే ఆగిపోతాయి, చెప్పాపెట్టకుండా.

అన్నిటికన్నా ముచ్చటైనది మెయింటెనెన్స్ బటన్. అడ్మిన్ పేజీలో దాన్ని నొక్కగానే మీలో ఒక ఫ్లాగ్ ట్రూ అవుతుంది, సైట్ మూతపడాలి. టోర్నడో సర్వర్‌ని ‘స్టార్ట్’కి 0 ఇచ్చి నడిపితే కోర్‌కొక ప్రాసెస్ ఫోర్క్ అవుతుంది, అంటే ప్రోగ్రాంకి విడి నకలు పుడుతుంది. 4 కోర్లుంటే మీరు నలుగురవుతారు. బటన్ నొక్కిన రిక్వెస్ట్ ఎవరి చేతిలో పడిందో ఆ ఒక్కరే మారతారు, మిగతా ముగ్గురికీ కబురందదు. సైట్ మూసి ఉంటుంది, రిఫ్రెష్ కొడితే తెరిచి ఉంటుంది, మళ్లీ కొడితే మూసి ఉంటుంది. నడుస్తుండగా మారాల్సిన విలువ డేటాబేస్‌లోనో, అన్ని ప్రాసెస్‌లూ చూడగల రెడిస్ లాంటి స్టోర్‌లోనో ఉండాలి. మీరు ఊరుమ్మడి పెద్దలే, కానీ ఊళ్లు నాలుగు.

ఇన్ని చెప్పి దారి చూపకపోతే బాగుండదు. ఫ్రెండ్‌ఫీడ్ కంపెనీలో పుట్టి 2009లో బయటికొచ్చిన ఈ టోర్నడోలోనే, ఏ యూఆర్ఎల్‌కి ఏ హ్యాండ్లరో చెప్పే రూట్ల పట్టికలో మూడో గడి ఒకటుంది. మొదటి గడిలో దారి తాలూకు రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (అక్షరాల నమూనా), రెండో దాంట్లో హ్యాండ్లర్ క్లాస్, మూడో దాంట్లో డిక్షనరీ: డీబీకి కనెక్షన్ పూల్ (తెరిచి ఉంచిన డేటాబేస్ కనెక్షన్ల గుంపు), పేజ్ సైజ్‌కి 20. హ్యాండ్లర్‌లో ‘ఇనిషియలైజ్’ అనే మెథడ్ రాసి, సరిగ్గా ఆ పేర్లతోనే ఆర్గ్యుమెంట్లు పెట్టి, వచ్చినవాటిని సెల్ఫ్‌కి తగిలించుకుంటే సరి. యూఆర్ఎల్‌లోంచి పట్టుకున్న ఆర్డర్ నంబర్ ‘గెట్’ మెథడ్‌కి వెళ్తుంది, డిక్షనరీ ‘ఇనిషియలైజ్’కి వెళ్తుంది. ఎవరి విస్తరి వారిది. టెస్టులో వేరే పూల్ కావాలంటే ఆ గడిలో వేరేది పెడతాం, మీ గడప తొక్కే పనే లేదు.

మూడో గడికీ తిక్కలున్నాయి, దాచడం దేనికి? పేరులో ఒక్క అక్షరం తేడా వస్తే ‘టైప్ఎర్రర్’ అనే పైథాన్ ఎర్రర్ సర్వర్ లేచేటప్పుడు రాదు, ఆ దారికి మొదటి రిక్వెస్ట్ వచ్చినప్పుడు వస్తుంది. హ్యాండ్లర్ పుట్టకముందే పడుతుంది కాబట్టి ముచ్చటపడి చేయించుకున్న 500 (సర్వర్ ఎర్రర్) పేజీ కూడా కనపడదు. డిప్లాయ్ అయ్యాక ప్రతి దారినీ ఒక్కసారి కొట్టి చూడాల్సిందే. రిక్వెస్ట్‌కొక కొత్త హ్యాండ్లర్ పుడుతుంది గానీ డిక్షనరీలోని విలువలు పాతవే. అందులో లిస్టు పెట్టి, హ్యాండ్లర్ దానికి అపెండ్ చేస్తూ పోతే ఒకరి ఆర్డర్ ఇంకొకరికి కనపడే రోజొస్తుంది. ‘ఇనిషియలైజ్’ని అసింక్ చేస్తే దాన్ని అవెయిట్ చేసేవాళ్లుండరు, అంటే అందులోని పని అసలు జరగదు; అలాంటి పని ‘ప్రిపేర్’ మెథడ్‌లో పెట్టుకోవాలి.

మిమ్మల్ని వీధిన పడేయం. కుకీ సీక్రెట్, టెంప్లేట్ల దారి లాంటివి ఫ్రేమ్‌వర్క్‌కే కావాలి, అవి అప్లికేషన్ సెట్టింగ్స్‌లో ఉంటాయి. మీకు మెయిన్ ఫైల్‌లో ఒక గది. సర్వర్ లేవగానే ఎన్విరాన్‌మెంట్‌ని ఒక్కసారి చదివి, 30ని నంబర్‌గా, ‘ఫాల్స్’ని నిజమైన ఫాల్స్‌గా మార్చి, ఫ్రోజెన్ డేటాక్లాస్‌లో (తర్వాత మార్చనివ్వని పెట్టెలో) పెట్టండి. ఏదైనా లేకపోతే సర్వర్ అక్కడే ఆగిపోవాలి. ఎవరికేం కావాలో మూడో గడిలో సర్ది తలుపేసుకోండి.

ఇట్లు,
ఇంకా పాత విలువే పట్టుకుని ఉన్న ఒక హ్యాండ్లర్,
మూడో ప్రాసెస్ నుంచి.

తా.క.: మీ ఫైల్‌ని గేట్‌వే కీతో సహా, కోడ్ చరిత్ర దాచే గిట్‌లో కమిట్ చేశారని తెలిసింది. ఫైల్ తీసేసి మళ్లీ కమిట్ చేస్తే సరిపోదు, పాత కమిట్‌లో కీ అలాగే ఉంటుంది. ముందు కీ మార్పించండి.