ముక్కున్నా ఊపిరాడని కారు

ఆ కారుకి పద్నాలుగు రంధ్రాలున్నాయి. నేను లెక్కపెట్టాను. నమ్మకం కుదరక రెండోసారీ లెక్కపెట్టాను. వాటిలో నిజంగా లోపలికి దారి ఉన్నవి రెండే. ఒకటి తాళంచెవి పెట్టేది, రెండోది పెట్రోలు పోసేది.

మిగతా పన్నెండూ అలంకారాలు. తలుపు వెనక చెంప మీద ఒకటి, భుజం మీద ఒకటి, నడుం దగ్గర ఒకటి, ఇలా రెండు వైపులా కలిపి ఆరు. ఇంజను మూత మీద నాలుగు. ముందు మూతి మీద రెండు. అన్నిటికీ లోపల నల్లరంగు, పైన తేనెపట్టులాంటి జాలీ. దూరం నుంచి చూస్తే లోపల ఏదో గుహ ఉన్నట్టే ఉంటుంది. దగ్గరికెళ్లి వేలు పెడితే అరంగుళంలో ఫైబర్ గ్లాస్ గోడ. నేను పెట్టాను. వేలు వాచింది.

ఈ మహానిర్మాణానికి కర్త నా స్నేహితుడే. పేరెందుకు, స్థపతిగారు అనుకుందాం. సొంత గ్యారేజీలో నాలుగేళ్లు తంటాలు పడి మిడ్ ఇంజన్ కిట్ కారు (విడిభాగాల మూట కొని ఇంట్లోనే బిగించుకునే కారు) కట్టారు. కిట్‌తో వచ్చిన బాడీ "మరీ మంచి బాలుడిలా" ఉందట, అందుకని దాని రూపురేఖలు మార్చారు. మార్చాక నాకు ఫోన్ చేసి, "గురూ, ఏరోడైనమిక్స్ అంటే ఏంటో వచ్చి చూడు" అన్నారు. వెళ్లాను. తప్పు నాదే.

మిడ్ ఇంజన్ కార్ల సంగతి ఇదీ. ఇంజను డ్రైవరు వీపుకీ వెనక ఇరుసుకీ మధ్య కూర్చుంటుంది. బరువంతా నడుం దగ్గరే ఉంటుంది కాబట్టి మలుపులో బండి చురుగ్గా తిరుగుతుంది. ముందు ఇంజనున్న కారుకైతే గాలి ఎదురొచ్చి మొహాన కొడుతుంది. దీనికి ఆ అదృష్టం లేదు. పొయ్యి వీపు వెనక మండుతుంటే గాలి ఎక్కడో పక్కనుంచి తన దారిన తాను పోతూ ఉంటుంది. దాన్ని బతిమాలో, మెడ పట్టుకునో లోపలికి లాక్కురావాలి. చాలా కార్లలో రేడియేటర్ ముందు మూతిలో ఉంటుంది, వేడినీళ్లు బండి పొడవునా గొట్టాల్లో పోయి రావాలి. ఆ గొట్టాల్లో ఎక్కడైనా గాలిబుడగ ఇరుక్కుంటే ఇంజను ఉడుకుతుంది, ముందు చక్రాలు పైకెత్తి పెట్టి ఆ బుడగని బయటికి పంపాలి. గాలికి ఉన్న గుణం ఇదే. అక్కర్లేని చోట పిలవకుండా దూరుతుంది, కావాల్సిన చోటికి పిలిచినా రాదు.

కాబట్టి ఇలాంటి కారుకి రంధ్రం అంటే ముక్కు. స్థపతిగారు దాన్ని ముక్కుపుడక అనుకున్నారు.

ఈ పాఠం పెద్దపెద్దవాళ్లు కూడా కష్టపడే నేర్చుకున్నారు. 1971లో జెనీవా మోటార్ షోలో లాంబోర్గిని కౌంటాష్ నమూనా పెట్టారు. కార్లకి రూపం గీసే ఇటలీ సంస్థ బెర్టోనెలో మార్చెల్లో గాండిని గీసిన రూపం అది. కత్తితో కోసినట్టు ఉంటుంది, పక్కల చిన్న చిన్న చీలికలు తప్ప పెద్ద రంధ్రమే లేదు. తీరా పన్నెండు సిలిండర్ల ఇంజన్ని రోడ్డు మీద తిప్పి చూస్తే, లోపల ఉడికిపోతోంది. 1974లో అమ్మకానికి వచ్చేసరికి భుజాల మీద పెట్టెల్లాంటి గాలి తొట్లు మొలిచాయి, పక్కల పెద్ద డక్టులు (గాలి పోయే దారులు) తవ్వారు. ఇప్పటికీ జనం నోరెళ్లబెట్టి చూసే ఆ రౌద్రంలో సగం, వేడికి ఆగలేక పడిన పాట్లే. మనవాళ్లు ఆ పాట్లనే సోకు అనుకున్నారు. జ్వరం వచ్చినవాడి నెత్తిన తడిగుడ్డ చూసి, తలపాగా భలే ఉందే అని తామూ ఒకటి చుట్టుకున్నట్టు. అదీ పొడిగుడ్డ.

(ఆ కౌంటాష్‌ని వెనక్కి నడపాలంటే తలుపు పైకెత్తి, గడప మీద కూర్చుని, మెడ బయటపెట్టి చూసేవాళ్లు. ఆ ఒక్క విషయంలో స్థపతిగారి కారు అసలుకి ఏమాత్రం తీసిపోదు. వెనక అద్దంలోంచి కనిపించేది ఆయన మొహమే.)

కిట్ కార్లంటే నాకు చిన్నచూపని అనుకోకండి. ఒకరి ఇంజను, ఇంకొకరి గేర్ బాక్సు, మరొకరి సస్పెన్షన్ (చక్రాల్ని పట్టుకుని కుదుపులు మింగే అమరిక) తెచ్చి ఒక గూట్లో కాపురం పెట్టించడం సామాన్యం కాదు. 1984 నుంచి 1988 వరకూ వచ్చిన పాంటియాక్ ఫియెరోనే చూడండి. ఉక్కు చట్రం మీద ప్లాస్టిక్ పలకలు బోల్టులతో బిగించిన కారు. పలకలు విప్పేస్తే లోపల అస్థిపంజరం రెడీగా ఉంటుంది, పైన ఏ చర్మమైనా తొడగొచ్చు. అందుకే దాని మీద ఎన్ని నకిలీ ఫెరారీలు పుట్టాయో లెక్కలేదు. స్థపతిగారి చట్రం కూడా అలాంటిదే ఒక పాత రెండు సీట్ల కారుది.

ఇక ఫైబర్ గ్లాస్ పని. గాజునారని అతికించే జిగురు రెజిన్. దాన్ని గట్టిపరిచే మందు హార్డెనర్, నూటికి ఒకటో రెండో పాళ్లు కలపాలి. తొందరపడి ఎక్కువ పోస్తే డబ్బాలోనే పొగలు కక్కి రాయైపోతుంది. పోశారు, అయింది. ఆ తర్వాత లప్పం, ఎమరీ పేపరు, మళ్లీ లప్పం, మళ్లీ ఎమరీ పేపరు. గాజు నూగు చర్మంలో గుచ్చుకుని వారం రోజులు దురద. ఆ దురద స్నానం చేస్తే తగ్గుతుంది. రెండో దురద ఉందే, "ఇక్కడ ఇంకో స్కూప్ (గాలి తొట్టి) పెడితే ఎలా ఉంటుందంటావ్" అనేది, దానికి మందు లేదు.

అసలు నా ఒళ్లు మండింది ఇంజను మూత మీద ఉన్న నాకా డక్టుల దగ్గర. పేరు నాకా. ఎవరికి అని అడక్కండి, అది అమెరికాలో నాసా పుట్టక ముందున్న విమానయాన పరిశోధన సంస్థ. 1945లో వాళ్లు తేల్చిన ఆకారం ఇది. ముందువైపు సన్నగా మొదలై, వెనక్కి పోయేకొద్దీ వెడల్పవుతూ, నేల మెల్లగా లోపలికి దిగుతుంది. పక్క అంచులు పదునుగా ఉంటాయి, అక్కడ పుట్టే సుడులే గాలిని లోపలికి లాగుతాయి. బయటికి పొడుచుకు రాకుండా, గాలికి అడ్డు తగలకుండా, అడిగి తీసుకున్నట్టు తీసుకుంటుంది. అంత మర్యాదైన రంధ్రం ఇంకోటి లేదు.

స్థపతిగారు దాన్ని తిరగేసి అతికించారు. వెడల్పు ముందుకి, సన్నం వెనక్కి.

"ఇది ఉల్టా కదా" అన్నాను.

"ఇలా పెడితే లుక్ వచ్చింది గురూ. బాణం గుర్తులా లేదూ?"

"బాణం గుర్తే. గాలిని వెనక్కి పొమ్మంటోంది."

"ఎలాగూ మూసేసే ఉందిగా, ఎటుంటే ఏంటి?"

నేను వాదనకి దిగదలుచుకోలేదు. శాస్త్రాన్నే సాక్ష్యం చెప్పమందామని ఎర్ర ఊలు ఉండ ఒకటి పట్టుకెళ్లాను. విమానాలవాళ్లూ రేసు కార్లవాళ్లూ ఎప్పట్నుంచో చేసే పరీక్షే. బెత్తెడు దారం ముక్కలు ఒళ్లంతా టేపుతో అంటిస్తారు, బండి నడుపుతారు, పక్క బండిలోంచి వీడియో తీస్తారు. గాలి సాఫీగా పోయే చోట దారం వెనక్కి పడుకుంటుంది. గాలి తడబడే చోట దారం కూడా తడబడుతుంది. అబద్ధం చెప్పడం దారానికి రాదు.

ఇద్దరం కలిసి మధ్యాహ్నమంతా అంటించాం. పని అయ్యేసరికి కారుకి ఆటలమ్మ పోసినట్టుంది. ఖాళీ రోడ్డు మీద గంటకి అరవై కిలోమీటర్ల వేగంతో ఆయన కదిలారు, నేను పక్క బండిలో ఫోన్ పట్టుకున్నాను. ముందు బానెట్ మీద దారాలు బుద్ధిగా వెనక్కి పడుకున్నాయి. పైకప్పు మీదా అంతే. తలుపు దాటి స్కూపుల దగ్గరికి వచ్చేసరికి మొదలైంది అల్లరి. కొన్ని నిటారుగా లేచి నిలబడ్డాయి. కొన్ని గిరగిరా తిరిగాయి. జాలీ మీద అంటించినవి వేలాడుతున్నాయి, చలనం లేదు. భుజం మీది స్కూపు దగ్గర రెండు దారాలైతే సాక్షాత్తూ ముందుకి తిరిగి, డ్రైవరు చెవివైపు చూపిస్తున్నాయి. అరవై కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు మీద గాలి ఎదురు నడిచింది.

వీడియో చూపించాను. స్థపతిగారు మూడుసార్లు చూశారు.

"దారం బరువెక్కువ."

పట్టుదారం తెచ్చాను. మళ్లీ అంటించాం, మళ్లీ నడిపాం. పట్టుదారాలు ఇంకా హుషారుగా ముందుకి తిరిగాయి.

"వేగం చాలట్లేదు. నూట ఇరవై దాటితే తెరుచుకుంటుంది."

"ఏది తెరుచుకుంటుంది? అక్కడ గోడుంది."

"గోడని కాదు గురూ. ఫ్లో తెరుచుకుంటుంది."

గోడకి ఫ్లో తెరుచుకోవడం నేనెక్కడా చదవలేదు. నా చదువు తక్కువేమో అని ఊరుకున్నాను. ఆయన మాత్రం వీడియో ఆపి, జూమ్ చేసి, చాలాసేపు చూసి, మొహం వెలిగిపోతుండగా అన్నారు: "తెల్లకారు మీద ఈ ఎర్రగీతలు భలే ఉన్నాయి కదా. పర్మనెంటుగా పెయింట్ చేయిస్తే?"

చేయించారు. ఇప్పుడు ఆ కారు మీద గాలి ఎటు పోవట్లేదో శాశ్వతంగా గీసి ఉంది.

ఇంతవరకూ నవ్వుకున్నాను. ఆ రోజు తిరిగొచ్చి ఇంజను ఆపాక వెనకనుంచి రెజిన్ మాడుతున్న వాసన వచ్చింది. బండి ఆగాక ఇంజను గదిలో వేడి ఇంకా పెరుగుతుంది, కదిలే గాలి కూడా ఉండదు కదా. ఏది మాడుతోందో చూద్దామని మూత ఎత్తి, టార్చి వేసుకుని లోపలికి వంగాను. వెనక సస్పెన్షన్ పైభాగాన్ని ఆ పక్కా ఈ పక్కా కలిపి పట్టి ఉంచే అడ్డగొట్టం ఒకటుంటుంది. అది లేదు. రెండు చివర్లూ గ్రైండరుతో కోసి, కోసిన చోట నున్నగా అరగదీసి, నల్లరంగు వేసి ఉంది. రంగు మాత్రం శుభ్రంగా వేశారు.

"తోక రెండంగుళాలు కిందికి రావాలంటే అది అడ్డొచ్చింది" అన్నారు స్థపతిగారు. అక్కడేదో మేకు పీకేసినట్టు.

సీటు బెల్టు చూశాను. ఒరిజినల్ బిగింపు కొత్త బాడీ వెనక ఉండిపోయిందట, అందుకని బెల్టు పై బోల్టు ఫైబర్ గ్లాస్‌లోకే దించారు. వెనక ఉక్కు పలక లేదు. గుండీ అంత వాషరు ఒకటి ఉంది.

ఇక్కడ నాకు జోకులు రావట్లేదు. పన్నెండు రంధ్రాలు కాదు, నూట ఇరవై పెట్టుకో, కొమ్ములు పెట్టుకో, రెక్కలు పెట్టుకో, నీ కారు నీ ఇష్టం. కానీ ఆ గొట్టం నీ అందానికి అడ్డు కాదు. మలుపులో ఒక చక్రం గుంటలో పడితే రెండో చక్రం తిన్నగా ఉండేది దానివల్ల. ఆ బెల్టు ఫొటోలో కనిపించే పట్టీ కాదు. బండి దేన్నైనా గుద్దిన క్షణంలో మనిషి బరువుకి ఎన్నో రెట్లు లాగుతుంది అది. ఫైబర్ గ్లాస్ అప్పడంలా విరుగుతుంది, గుండీ వాషరు దాంతోపాటే ఊడొస్తుంది. ఆ సీట్లో నిన్న ఎవరు కూర్చున్నారు? నీ తొమ్మిదేళ్ల కూతురు. "నాన్న కట్టిన కారు" అని కిటికీలోంచి చెయ్యి ఊపింది. జాలీ ముక్కల కోసం ఆర్నెల్లు వెతికినవాడివి, ఒక ఉక్కు పలక కోసం ఒక్క పూట వెతకలేకపోయావా? గొట్టం కోసేటప్పుడు చెయ్యైనా వణకలేదా?

ఇవన్నీ అక్కడే, ఆ గ్యారేజీలోనే అన్నాను. అరిచాననే చెప్పాలి. ఆయన ఏమీ మాట్లాడలేదు.

మూడు వారాలు ఫోన్ లేదు. నాలుగో వారం రమ్మన్నారు. గొట్టం మళ్లీ వేయించారు, వెల్డింగ్ తెలిసినవాడి చేతే. బెల్టు బోల్టు ఇప్పుడు చట్రానికే ఉంది, వెనక అరచేయంత ఉక్కు పలక. పట్టుకుని ఊపి చూశాను, కదల్లేదు.

గొట్టం రావడంతో ఇంజను మూత పూర్తిగా పడట్లేదు. వెనక అంచు దగ్గర రెండు వేళ్ల సందు. బండి తిప్పుకుని వచ్చాం, ఇంజను ఆపాం, వాసన రాలేదు. సందు దగ్గర చెయ్యి పెట్టి చూశాను. వేడిగాలి జివ్వున బయటికి తన్నుకొస్తోంది. ఆ కారులో గాలి ఆడుతున్న చోటు నాకు కనిపించడం అదే మొదటిసారి.

స్థపతిగారు మాత్రం ఆ సందు వైపు చూసి మొహం తిప్పుకున్నారు. లైన్ పాడైందట. దాన్ని కప్పేయడానికి ఫైబర్ గ్లాస్‌తో కొత్త ముక్క చేస్తున్నారు, బల్ల మీద అచ్చు ఆరుతోంది. దాని మీద రెండు రంధ్రాలు వస్తాయట. జాలీ అప్పుడే కోసిపెట్టారు.