గోడమీద పిల్లికి ముప్పై మార్కులు

రాతపరీక్ష అయిపోయింది, గ్రూప్ డిస్కషన్ అయిపోయింది. ఆఖర్న వ్యక్తిత్వ ప్రశ్నావళి చేతికిచ్చి "ఇందులో ఒప్పులూ తప్పులూ ఉండవు, మనసులో ఏముంటే అది పెట్టండి" అంటారు. అక్కడే అభ్యర్థికి గుండె జారుతుంది. తప్పే ఉండని పరీక్ష ఈ దేశంలో ఎక్కడైనా ఉందా?

యాభై వాక్యాలు. ఒక్కోదానికి 'అస్సలు కాదు' నుంచి 'ముమ్మాటికీ అవును' దాకా ఐదు గళ్ళు. "నలుగురిలో ఉంటే సందడంతా నాదే." అవునంటే వాగుడుకాయ అనుకుంటారు, కాదంటే టీముకు పనికిరాడంటారు. పాము చావకుండా కర్ర విరగకుండా 3 నొక్కుతాడు. "నా వస్తువులు ఎక్కడపడితే అక్కడ పడేస్తాను." బండి తాళాలు ఏ జేబులో ఉన్నాయో తడుముకుంటూ మళ్ళీ 3. పదో వాక్యం దాటాక ఇక చదవడమూ ఉండదు. తొంభై సెకన్లలో యాభై మూళ్ళు!

ఇప్పుడు లెక్క చూడండి. వీటిలో కొన్ని వాక్యాలు తిరగేసి ఉంటాయి. "సందడంతా నాదే" ఒకచోట, "నేను పెద్దగా మాట్లాడను" ఇంకోచోట. తిరగేసినవాటికి 6లోంచి జవాబు తీసేసి మార్కు వేస్తారు. 5 కాస్తా 1 అవుతుంది, 4 కాస్తా 2. మూడు మాత్రం బోర్లా వేసినా వెల్లకిలా వేసినా మూడే. గుణానికి పది వాక్యాల చొప్పున కొలిచేది ఐదు గుణాలను కాబట్టి అన్నిట్లోనూ 30. పదికీ యాభైకీ సరిగ్గా నడుమ. మనవాడికి కావలసిందీ అదే.

కొంప మునిగేదీ అక్కడే. కొలబద్దకు మధ్య వేరు, జనానికి మధ్య వేరు. "ఎదుటివాళ్ళ కష్టం చూస్తే మనసు కరుగుతుంది" అంటే కాదనే మనిషి ఎక్కడోగానీ దొరకడు. అందరూ తమకు 4, 5 వేసుకుంటారు. ఆ గుణంలో జనం సగటు 30కి బాగా పైన ఉంటుంది. దాంతో మనవాడు రిపోర్టులో 'సర్దుకుపోయే గుణం: తక్కువ' అని తేలతాడు. పాపం, ఎవర్నీ నొప్పించకూడదనే కదా 3 నొక్కింది!

1932లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త రెన్సిస్ లికర్ట్ ఈ ఐదు మెట్ల పద్ధతి పెట్టినప్పుడు నడిమి మెట్టుకు 'ఎటూ తేల్చుకోలేదు' అని అర్థం. మన 'పర్లేదు' సంగతి ఆయన లెక్కలో లేదు. పెళ్ళిభోజనం ఎలా ఉందండీ అంటే "పర్లేదు". బాగుందని కావచ్చు, పప్పులో ఉప్పు లేదని కావచ్చు, పెళ్ళివారు పక్కనే నిలబడ్డారని కావచ్చు, కవరిచ్చి తినకుండా వచ్చేశామనీ కావచ్చు. మూడో గడీ అంతే. నిజంగా మధ్యస్థంగా ఉండేవాడు, ఇంట్లో పులీ ఆఫీసులో పిల్లీ అయినవాడు, వాక్యం అర్థంకానివాడు, ఈ కాగితం ఎవరి చేతికి పోతుందోనని జంకేవాడు, ఆకలేస్తున్నవాడు, అందరూ అందులోనే ఇరుక్కుని కూర్చుంటారు.

అందుకే పని తెలిసినవాళ్ళు మార్కులకన్నా ముందు మూళ్ళు ఎక్కడ పడ్డాయో చూస్తారు. బారుగా ఉంటే, పట్టిన సమయం చూసి ఆ కాగితం పక్కన పెట్టేస్తారు. చాలామందికి ఒకే వాక్యం దగ్గర పడితే తప్పు వాక్యానిదే. "నేను కష్టపడతాను, వేళకు వస్తాను." కష్టపడతాడు, కాకపోతే పదకొండింటికి వస్తాడు. 3 కాక ఏం పెడతాడు? దాన్ని రెండు ముక్కలు చేయాలి. 'వర్తించదు' అని విడిగా ఒక గడి ఇస్తే కొంత రద్దీ అటు మళ్ళుతుంది.

కొందరికి అంత ఓపిక ఉండదు. నడిమి గడి పీకేసి ఆరు గళ్ళు పెడతారు, గోడే లేకపోతే పిల్లి ఎటో ఒకవైపు దూకక తప్పదని. దూకుతుంది. ఒకదానికి 3, తర్వాతదానికి 4, మళ్ళీ 3, మళ్ళీ 4. సగటు కడితే మూడున్నర. ఆరు గళ్ళకు సరిగ్గా నడుమ.